గంట చెవిలో పడితే కాళ్ళు అవే కదుల్తాయ్

పోయిన సంచికలో మాటల మధ్యలో "అమెరికాలో ఉన్న రెండేళ్ళూ ఆఫ్రికా డోలు కొట్టుకుంటా గడిపేశా" అని ఒక్క లైను రాసినందుకు ఇన్ని ఉత్తరాలు వస్తాయని అనుకోలా. అందుకే ఈసారి మొగుడూ పెళ్ళాల గొడవలు, జుట్టు ఊడటం, అన్నీ పక్కన పెట్టేసి ఈ ఒక్క విషయం మీద వచ్చిన వాటికే జవాబులు. కొత్తగా చదివేవాళ్ళకి చిన్న ముక్క చెప్పాలి, మా ఆయన ఉద్యోగం మీద వెళ్ళాం, నాది డిపెండెంట్ వీసా, ఉద్యోగం చేసేదానికి లేదు. ఇంటికి నడిచే దూరంలో ఒక యూనివర్సిటీ, అందులో వెస్ట్ ఆఫ్రికన్ డ్రమ్మింగ్, డాన్స్ కలిపి నేర్పే ఎన్‌సెంబుల్, అంటే అందరూ కలిసి వాయించే బృందం, ఉంది, బయటోళ్ళని కూడా చేర్చుకుంటారంటే పోయి చేరా. నేర్పించే ఆయన ఘనా దేశస్థుడు.

*

అక్కా, నేను ఆగస్టులో ఎమ్మెస్‌కి అమెరికా వెళ్తున్నా. కోర్సుల లిస్టులో ఒక క్రెడిట్‌కి వెస్ట్ ఆఫ్రికన్ ఎన్‌సెంబుల్ కనిపించింది, చేరాలని ఉంది. మా నాన్న "లక్షలు పోసి పంపిస్తా ఉంటే ఆడబోయి డప్పు కొడతావా" అంటున్నారు. నేను ఎనిమిదేళ్ళు భరతనాట్యం నేర్చుకున్నా, తాళం బాగా తెలుసు కాబట్టి నాకు ఈజీగానే ఉంటుంది కదా?
*– ఓ అమ్మాయి, బైరాగిపట్టెడ, తిరుపతి*

ముందు నాన్న సంగతి. ఇది పిల్లకాయలు సరదాకి పెట్టుకున్న క్లబ్బు కాదని ఆయనకి చెప్పు. ఒక సంగీతం గురించి చదివేవాడు దాన్ని చేత్తో వాయించడం కూడా నేర్చుకోవాలి, లేకపోతే వాడికి తెలిసింది సగమే అని మాంటిల్ హుడ్ అనే ప్రొఫెసర్ 1960లో కాలిఫోర్నియా యూనివర్సిటీలో, అదే లాస్ ఏంజిలిస్‌లో, గట్టిగా పట్టుబట్టాడు. అక్కడి నుంచి ఒక్కో యూనివర్సిటీలో ఇట్టాంటి ఎన్‌సెంబుల్స్ మొదలయినాయి. అదే టైములో ఘనాలో లెగాన్ యూనివర్సిటీలో క్వాబెనా న్‌కెటియా అనే పెద్దాయన వాళ్ళ సంగీతం మీద పుస్తకాలు రాస్తా, పరిశోధన చేస్తా ఒక తరాన్నే తయారు చేశారు. ఇంకో ముక్క చెప్తే నాన్న మెత్తబడతారేమో, కనెక్టికట్‌లో వెస్లియన్ యూనివర్సిటీ అని ఉంది, బాలసరస్వతి గారి తమ్ముడు టి. రంగనాథన్ గారు 1963 నుంచి మృదంగం నేర్పింది అక్కడే, ఘనా నుంచి వచ్చిన అబ్రహాం అజెన్యా గారు 1969 నుంచి డ్రమ్మింగ్ నేర్పిందీ అక్కడే. మన మృదంగం, వాళ్ళ డ్రమ్ములు ఒకే క్యాంపస్‌లో. మృదంగానికి లేని పరువు తక్కువ దానికి మాత్రం ఎందుకొస్తుంది?

అయినా డప్పు కొట్టడాన్ని తిట్టు కింద వాడటం మన ఊర్లో మానేస్తే బాగుంటుంది, గంగమ్మ జాతర్లో పంబ మోగకపోతే అమ్మవారు కదలదనేది మనమే కదా.

ఇక ఈజీనా అంటే, కాదమ్మా. తాళం రానోళ్ళ కంటే నీకే మొదటి మూడు నాలుగు వారాలు నరకం. నేను నాట్యం నేర్చుకున్నా, ఎన్నో అరంగేట్రాలకి నట్టువాంగం చేసిన మనిషిని, ఆ గీరతోనే మొదటి క్లాసుకి ఒక నోటుబుక్కు, రెండు రంగుల పెన్నులు పట్టుకుని పోయా. ఆయన ఏదో వాయించి చూపించాడు, నేను వేళ్ళ మీద లెక్కేసుకుంటా "ఇందులో సమం, అంటే తాళం మొదలయ్యే చోటు, ఎక్కడ సార్" అన్నా. ఆయన నవ్వి, నా నోటుబుక్కు తీసుకుని బీరువా మీద పెట్టి, నా చేతికి ఒక సొరకాయ బుర్ర ఇచ్చాడు. ఎండబెట్టిన బుర్ర, దాని మీద వల మాదిరి దారం అల్లి పూసలు గుచ్చుంటాయి, అహాచే అంటారు. దాన్ని కిందికి తొడ మీద కొట్టాలి, పైకి లేపినప్పుడు రెండో అరచేతికి తగలాలి, అంతే పని. అందరూ పెద్ద డ్రమ్ము కావాలనే వస్తారు, పక్కన నా వయసున్న ఒక తెల్లావిడ కూడా నా మాదిరే బిక్కమొహం వేసుకుని బుర్ర పట్టుకుని కూర్చోనుంది. నలభై నిమిషాలు అదే కొట్టించాడు. ఇంటికి పోయి చూసుకుంటే తొడ మీద నేరేడుపండు రంగులో మచ్చ, మా ఆయన కంగారు పడి ఎక్కడ పడ్డావ్ అని అడిగాడు.

నోటుబుక్కు సెమిస్టర్ అయ్యేదాకా ఆ బీరువా మీదే ఉంది.

కొన్ని పద్ధతులు నీకు ఇంటి నుంచే వచ్చుంటాయి, అవి పనికొస్తాయి. ఘనాలో కూడా ఎడమ చేత్తో వస్తువు ఇవ్వకూడదు, తీసుకోకూడదు. మా క్లాసులో డ్రమ్ము మీద కూర్చోనిచ్చేవాడు కాదు, దాటనిచ్చేవాడు కాదు. అమెరికా పిల్లకాయలకి ఇవన్నీ చెప్పి చెప్పి ఆయన అలిసిపోయేవాడు, నాకు చెప్పాల్సిన పని పడలా. ఆ ఒక్క విషయంలోనే నేను క్లాసు ఫస్టు.

*

మేడమ్, నేను మృదంగం మూడో సంవత్సరం. యూట్యూబ్‌లో ఘనా వాళ్ళ అగ్బాజా చూశాను. పన్నెండు అక్షరాలు అన్నారు, నాలుగు తకిటలుగా వేసుకుంటే సరిపోతుంది అనుకున్నా కానీ ఆ గంట దానికి కుదరడం లేదు, ప్రతిసారీ జారిపోతున్నా. అది ఏ తాళం? మనదాంట్లో దేనికి దగ్గర?
*– విద్యార్థి, తిరుపతి*

బాబూ, నువ్వు జారింది సరైన చోటే. అగ్బాజా ఎవే అనే జాతి వాళ్ళ ఆట, దానికి వాయించే డ్రమ్ములతో కలిపి, ఘనా ఆగ్నేయ మూల, పక్కనే టోగో దేశం, అక్కడ వాళ్ళుంటారు. ఇందులో అందర్నీ నడిపించేది పెద్ద డ్రమ్ము కాదు, ఇనప గంట. ఒకటి పెద్దది, దానికి అతుక్కుని ఒకటి చిన్నది, పుల్లతో కొడతారు, గాంకోగ్వి అంటారు. అది మొదలుపెట్టిన కాడ నుంచి ఆఖరుదాకా ఒకే వరస, మార్చకూడదు, విసుగొచ్చినా మార్చకూడదు.

కూర్చుని ఇట్ట చెయ్. తకిట తకిట తకిట తకిట అని నోటితో నిదానంగా చెప్పు, ప్రతి "త"కీ కాలు నేల మీద వెయ్. ఇప్పుడు చేత్తో, మొదటి తకిటలో త మీద, ట మీద కొట్టు. రెండో దాంట్లో కి మీద, ట మీద. మూడో దాంట్లో ఒక్క కి మీదే. నాలుగో దాంట్లో మళ్ళీ త, ట. మొత్తం ఏడు దెబ్బలు. ఇప్పుడు చూడు, నాలుగు అడుగులు వేస్తే గంట ఎన్ని అడుగులకి తోడొచ్చింది? మొదటిదానికి, నాలుగోదానికి, అంతే. మధ్యలో రెండు అడుగులు గంట సాయం లేకుండా నువ్వు ఒంటరిగా వెయ్యాలి. నువ్వు జారింది అక్కడే, మూడో తకిటలో ఉన్న ఆ ఒంటరి కి ఉంది చూడు, అదే నీ అడుగు అనుకుని దాని మీద కాలేసేస్తావ్. నాకూ అదే జబ్బు, నెల పట్టింది పోయేదానికి.

గుర్తు పెట్టుకునేదానికి ఒక చిట్కా, ఇది మా క్లాసులో పియానో వాయించే కుర్రాడు చెప్పాడు, నేను దాన్ని మన భాషలోకి మార్చుకున్నా. ఆ ఏడు దెబ్బల మధ్య దూరాలు రెండు రెండు ఒకటి రెండు రెండు రెండు ఒకటి. ఎక్కడో విన్నట్టు లేదూ? శంకరాభరణం! పన్నెండు స్వరస్థానాల్లో సరిగమపదని ఎక్కడెక్కడ కూర్చుంటాయో ఈ దెబ్బలు పన్నెండు అక్షరాల్లో అక్కడే కూర్చుంటాయి. హార్మోనియం ముందు పెట్టుకుని తెల్ల మెట్టు దెబ్బ, నల్ల మెట్టు ఖాళీ అని C మెట్టు కాడ మొదలుపెట్టి ఎడమ నుంచి కుడికి పోతే గంట వచ్చేస్తుంది. దీనికీ దానికీ ఏ చుట్టరికం లేదులే, లెక్కలో వచ్చిన పోలిక, అయినా నేను ఆ రోజు ఇంటికొచ్చి మా అమ్మకి ఫోన్ చేసి మరీ చెప్పా.

ఏ తాళం అంటే మాత్రం ఏ తాళం కాదు. తాళం మనకి చేతిలో ఉంటుంది, పక్కనోడికి కనబడేట్టు వేస్తాం. వాళ్ళకి అది కాళ్ళలో ఉంటుంది, నాట్యం చేసే వాళ్ళ కాళ్ళలో. ఇది అర్థం కావాలంటే కగాను అనే చిన్న డ్రమ్ము చూడు, గుంపులో అన్నిటికంటే బుడ్డది, సన్నటి గొంతు, రెండు పుల్లలతో వాయిస్తారు. దాని పని ప్రతి తకిటలోనూ కి, ట. అంతే. కిట కిట కిట కిట అని గంట సేపైనా అదే. మరి త ఏది? దాన్ని డ్రమ్ము కొట్టదు, ఎదురుగా ఆడేవాళ్ళ కాలు వేస్తుంది. నాట్యం ఆపేస్తే ఆ డ్రమ్ము మాట సగమే వినబడుతుంది. ఇది తెలిసిన రోజు నాకు ఒళ్ళు జలదరించింది, ఎందుకంటే అంతకుముందు వారమంతా "నేను డ్రమ్ముకే వచ్చా, డాన్స్ మోకాళ్ళ నొప్పి సార్" అని తప్పించుకుని తిరుగుతున్నా. మరుసటి రోజు నుంచి నోరు మూసుకుని వరసలో నిలబడ్డా.

మిగతావి టూకీగా. కిడి అనేది మధ్య సైజు, పెద్ద డ్రమ్ము అడిగిన దానికి జవాబు చెప్తుంది. అగ్బాజాలో పెద్దరికం సొగో అనే డ్రమ్ముది. అగ్బెకో లాంటి వేరే ఆటల్లో ఆచిమేవు అని మనిషి ఛాతీ దాకా వచ్చే పొడుగాటి డ్రమ్ము ఉంటుంది, దాన్ని స్టాండుకి వాల్చి నిలబడి వాయిస్తారు. నువ్వు మృదంగం వాడివి కాబట్టి ఆచిమేవు వైపే చూస్తావ్, చూడు, కానీ చెయ్యి మాత్రం గంట మీద పెట్టు.

కచేరీ రోజు నా పరువు ఎట్ట పోయిందో కూడా చెప్పేస్తా. సెమిస్టర్ చివర్లో స్టేజీ మీద గంట నాకిచ్చారు. పదినిమిషాలు బాగానే కొట్టా, అప్పుడు నాట్యం వాళ్ళు వరసగా లోపలికొచ్చారు, నేను వాళ్ళ కాళ్ళు చూసి మురిసిపోయి అలవాటు కొద్దీ లోపల ఒకటి రెండు మూడు నాలుగు అని లెక్క మొదలుపెట్టా. లెక్క మొదలైందా, గంట పోయింది. నా ఏడు దెబ్బలు ఎక్కడివక్కడ చెల్లాచెదురు. కగాను వాయించే పిల్ల నా వైపు చూసిన చూపు ఇప్పటికీ మర్చిపోలా. మా మాస్టారు వాయించడం ఆపకుండానే పక్కకి వంగి నా చెవిలో గంట వరసని నోటితో పాడాడు, రెండుసార్లు పాడేసరికి చెయ్యి దారిలో పడింది. అయిపోయాక ఏమీ అనలా, "తప్పు చేసినప్పుడు మొహం అట్ట పెట్టకు, జనానికి నీ మొహం చూసే తెలిసింది" అన్నాడు.

*

మేడమ్ గారూ, మా అమ్మాయి అక్కడ కాలేజీలో ఈ ఆఫ్రికా డాన్స్ చేసి వీడియో స్టేటస్‌లో పెట్టింది. వంగి వీపు, భుజాలు ఊపుతా ఉంది. మా ఆడబిడ్డ చూసి "ఇంతకాలం నాట్యం నేర్పించింది ఇందుకా" అంది. నాకు ఏం చెప్పాలో తెలియలేదు.
*– ఓ తల్లి, చిత్తూరు*

అమ్మా, మీ ఆడబిడ్డ గారికి చెప్పండి, అది పెళ్ళిళ్ళలో, పండగల్లో, చావు ఇంటి కాడ కూడా ముసలమ్మలతో సహా అందరూ ఆడే ఆట అని. మీరు చెప్పిన దాన్ని బట్టి అది అగ్బాజానే అయ్యుండాలి. ఒకప్పుడు యుద్ధానికి పోయొచ్చిన వాళ్ళ ఆట, అట్రిక్‌పుయి అనేవాళ్ళు, కాలం మారి యుద్ధాలు పోయాక అందరి ఆట అయింది. మోకాళ్ళు వంచి, పాదం నేలకి దగ్గరగా పెట్టుకుని, చేతులు పక్కన, వీపు రెక్కలు వెనక్కి దగ్గరికి తెచ్చి వదులుతారు. గమనిస్తే మన అరమండి కూడా మోకాలు వంచడమే, కాకపోతే మనం నడుము పైన నిటారుగా ఉంటాం, వాళ్ళు ముందుకి వంగుతారు, మనకి చూపంతా కళ్ళలో వేళ్ళలో, వాళ్ళకి వీపులో. మీ అమ్మాయికి అక్కడే కష్టమై ఉంటుంది, నిటారుగా నిలబడటం ఇంతకాలంగా ఒంటికి పట్టేసిన పిల్ల వంగడమంటే మాటలా. మా మాస్టారు నా వీపు మీద తట్టి "ఈ చెక్క తీసెయ్" అనేవాడు.

ఎవే వాళ్ళలో ఆంలో అనే శాఖ వాళ్ళకి హోగ్బెజోజో అని పెద్ద పండగ, ఏటా నవంబర్ మొదటి శనివారం, ఆంలోగా అనే ఊర్లో జరుపుతారు. టోగోలో నోట్సే అనే చోట ఒక క్రూరమైన రాజు కింద బతకలేక వాళ్ళ పెద్దలు తప్పించుకుని వచ్చేశారు, ఆ రావడాన్ని తలుచుకునే పండగ. ఆ రోజు డ్రమ్ములు, ఆటలు ఉంటాయి, పెద్ద మనుషులు బట్టలూ నగలూ దిగేసుకుని వస్తారు. మన జాతర్లో మగపిల్లోళ్ళు బైరాగి వేషం, తోటి వేషం కట్టి వీధంతా తిరిగి తిడతా ఉంటే మనం దండం పెట్టి పక్కకి తప్పుకుంటాం కదా, బయటోడు చూస్తే అదేం అనుకుంటాడు? వీడియో బాగుంటే ఒక లైకు కొట్టండి, మీ ఆడబిడ్డకి కూడా కనబడుతుంది.

*

అక్కా, మాది బంగారుపాళెం పక్కన. మా నాయన పంబ, నేను పలక వాయిస్తా. ఆన్‌లైన్‌లో జెంబే అమ్ముతా ఉండారు, కొందామనుకుంటున్నా. ఘనా డ్రమ్ము అదేనా? దానికి కూడా మంట కాడ కాగబెట్టాల్నా?
*– పలక కళాకారుడు, చిత్తూరు జిల్లా*

తమ్ముడూ, ఇన్ని ఉత్తరాల్లో నీదే నాకు బాగా నచ్చింది. జెంబే ఘనాది కాదు, గినీ, మాలి వైపుది. ఈ రెంటినీ కలిపి ఆఫ్రికా డ్రమ్ము అనడం అంటే డోలునీ ఢోలక్‌నీ ఇండియా డ్రమ్ము అన్నట్టు. జెంబే ఒకే మొద్దు తొలిచి చేస్తారు, పైన వెడల్పు, నడుము సన్నం, గిన్నెకి కాడ పెట్టినట్టు ఉంటుంది, మేకతోలు, చేతులతోనే వాయించేది. ఎవే వాళ్ళ డ్రమ్ములు మాత్రం చెక్క బద్దలు పీపా మాదిరి చేర్చి, ఇనప పట్టీలు బిగించి చేసేవి, ఎక్కువగా పుల్లలతో వాయిస్తారు, తోలు వదులైతే పక్కన దిగ్గొట్టిన కొయ్య మేకుల్ని సుత్తితో కొట్టి బిగిస్తారు.

జెంబేకి దెబ్బలు మూడే, నడిమధ్య అరచేత్తో కొడితే బేస్, అంచున వేళ్ళు కలిపి కొడితే టోన్, అదే అంచున వేళ్ళు వదులుగా విడదీసి చురుక్కుమనిపిస్తే స్లాప్. టోన్‌కీ స్లాప్‌కీ తేడా చెవికి తెలిసేసరికి నెలలు పడతాయి, చేతికి వచ్చేసరికి ఇంకొన్ని. నీ చెయ్యి పలకకి అలవాటు పడిన చెయ్యి కాబట్టి పుల్ల పక్కన పెట్టి మొదట్లో మెత్తగా పో, వాచిపోతాయి.

మంట విషయానికొస్తే వేడి తగిలితే ఏ తోలైనా బిగుస్తుంది, అది నీకు నేను చెప్పాలా. కానీ జెంబేకి తాళ్ళుంటాయి, నిలువు తాళ్ళ కింద నుంచి అడ్డతాడు అల్లుకుంటా లాగి బిగిస్తారు, పలక మాదిరి పది నిమిషాలకోసారి మంట కాడికి పరిగెత్తక్కర్లా. వానాకాలం మాత్రం దిగుతుంది, మేకతోలు కదా. కొనేటప్పుడు చూడు, ప్లాస్టిక్ గొట్టానికి రంగేసి జెంబే అని అంటగడతా ఉండారు, అది పిల్లోళ్ళ బొమ్మ. చెక్కదా అని అడుగు, తోలా ప్లాస్టిక్ పొరా అని అడుగు, వీలైతే కొట్టి విని కొను. నన్నడిగితే ముందు మీ నాయన దగ్గర పంబ పూర్తిగా నేర్చుకో, రెండు మూతులది ఒకేసారి రెండు మాటలు చెప్పే వాద్యం ఇంట్లోనే పెట్టుకుని జెంబేకి డబ్బులు పెట్టడం నాకు రొంత బాధగా ఉంది. కొనొద్దని కాదు. రెండూ వాయించు.

*

టాకింగ్ డ్రమ్ నిజంగా మాట్లాడుతుందా?
*– ఓ రిటైర్డ్ టీచరు, తిరుపతి*

మాట్లాడుతుందండీ. అక్కడ చాలా భాషల్లో ఒకే పదాన్ని పై గొంతుతో అంటే ఒక అర్థం, కింది గొంతుతో అంటే ఇంకో అర్థం. ఆ ఎత్తు పల్లాల్ని డ్రమ్ము మీద పలికిస్తే తెలిసినవాళ్ళకి మాటే వినబడుతుంది. ఉత్తర ఘనాలో దగ్బాంబా అనే జాతి వాళ్ళ లుంగా అనే డ్రమ్ము అచ్చం మన బుడబుక్కలవాడి డమరుకానికి పెద్దన్న, నడుము సన్నం, చంకలో పెట్టుకుని తాళ్ళు నొక్కుతా వంకర పుల్లతో కొడతారు, నొక్కితే గొంతు పైకి పోతుంది, వదిలితే దిగుతుంది. అది వాయించేవాళ్ళు రాజుల వంశాలన్నీ నోటికి చెప్పగలరు, కుటుంబంలోనే తరం నుంచి తరానికి వచ్చే విద్య.

*

తిరుపతిలో ఇది నేర్చుకునేదానికి ఎక్కడైనా క్లాసులున్నాయా? మేం నలుగురు ఫ్రెండ్స్, ఇంజనీరింగ్.
*– కరకంబాడి రోడ్డు నుంచి*

నాకు తెలిసి లేవు, ఉంటే నేనే ముందు పోయి చేరేదాన్ని. ఆఫ్రికా దేశాల నుంచి స్కాలర్‌షిప్పుల మీద మన దేశానికి చదువుకోడానికి పిల్లలొస్తారు, మీ కాలేజీలో ఎవరన్నా ఉంటే మర్యాదగా పలకరించండి, కానీ "నువ్వు ఆఫ్రికా కదా డ్రమ్ము వచ్చా" అని మొదటి మాటే అడగబాకండి, మనల్ని ఎవరన్నా "ఇండియా కదా, పాములు ఆడిస్తావా" అంటే ఎట్టుంటుందో అట్టుంటుంది.

ఈలోపు నలుగురు ఉన్నారు కాబట్టి సరిగ్గా సరిపోతారు. ఒకరు స్టీలు గ్లాసు, స్పూను తీసుకుని పైన చెప్పిన గంట వరస కొట్టండి. ఒకరు ఖాళీ వాటర్ బాటిల్లో గుప్పెడు కందిపప్పు పోసి తొడ మీద గంటతో పాటే కొట్టండి, దెబ్బ లేని చోట పైకి రెండో చేతికి. ఒకరు బల్ల మీద కిట కిట. నాలుగోవాళ్ళు నడవండి, త మీద అడుగు. పావుగంట ఎవరూ మార్చకుండా అదే చేసి, తర్వాత పనులు మార్చుకోండి. ఎవరైనా మధ్యలో సొంత తెలివితేటలు చూపించి కొత్తగా కొట్టారంటే వాళ్ళని నడిచే పనికి పంపించండి. హాస్టల్లో రాత్రి పదిన్నర దాటాక మాత్రం వద్దు, వార్డెన్ నాకు ఉత్తరం రాస్తాడు.

*

అక్కా, ఉంగరాలు తీసెయ్యాలా?
*– మళ్ళీ బైరాగిపట్టెడ అమ్మాయే, వెనకాలే ఇంకో మెయిలు*

తీసెయ్, గాజులు కూడా. తోలు కోసుకుంటుంది, వేలు వాస్తే ఉంగరం రాదు. నా నిశ్చితార్థం ఉంగరం ఆ రెండేళ్ళూ ఉప్పు డబ్బాలోనే ఉంది. పట్టీలు ఉంచుకో, మా మాస్టారికి వాటి చప్పుడంటే ఇష్టం.